గడ్డి చెప్పు, తోలు బూటు

కోడంబాకం, మద్రాసు
12 జూన్ 1988

చెల్లీ ఎమిలీ,

నాన్నకి పక్షవాతం వచ్చిందని ఏప్రిల్‌లో నువ్వు రాస్తే, రెండు ముక్కలు గీకి ఊరుకున్నానని నా మీద కోపంగా ఉంటావు. ఉండాలి కూడా. ఎడిటింగ్ రూములో పన్నెండేసి గంటలు ఫిల్ము ముక్కలు అతికిస్తూ కూర్చుంటే బయట ఎండో వానో కూడా తెలియదు. మా ఎడిటరుగారు కత్తిరిస్తారు, నేను అతికిస్తాను. పేరు ఆయనది, జిగురు నాది. ఇల్లు వదిలి వచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరస. నాన్నకి మాట కొంచెమైనా వచ్చిందా? కుడి చెయ్యి కదుపుతున్నాడా?

ఇక అసలు సంగతి. సుందర్ రాజు అని ఒక నిర్మాత ఉన్నాడు. కౌబాయ్ సినిమా తీస్తాడట, కానీ ఎవరూ తియ్యనిది కావాలట. టీ తాగుతూ మాటల్లో పడి మన ఖరగ్‌పూర్ కథ చెప్పాను. డెబ్భై ఎనిమిది డిసెంబరులో మన తెలుగు సంఘం వాళ్ళు న్యూ సెటిల్‌మెంట్ గ్రౌండులో తెర కట్టి వేశారే, అది. నీకప్పుడు పన్నెండేళ్ళు, అందరికన్నా ముందు చాప వేసుకుని కూర్చున్నావు. కలకత్తా నుంచి రెండు సినిమాలు తెప్పించారు. శనివారానికి జపాను వాళ్ళ సమురాయ్ సినిమా, ఆదివారానికి ఇటలీ వాళ్ళు తీసిన కౌబాయ్ సినిమా. శనివారం నాడు రీళ్ళు ఎలాగో కలిసిపోయాయి. రెండు రీళ్ళ దాకా కత్తులు నడిచాయి, మూడో రీలు ఎక్కించేసరికి గుర్రాలు దిగాయి. తెలుపూ నలుపూ సినిమా కాస్తా రంగుల సినిమా అయి కూర్చుంది.

ఇంకొకరైతే ఆపండ్రా బాబూ అని అరిచేవారు. నాన్న అరవలేదు. ఏ విదేశీ సినిమా వచ్చినా తెర పక్కన రేకు గొట్టం పట్టుకుని నిలబడి కాలనీ జనానికి తెలుగులో కథ చెప్పేది ఆయనే కదా. క్షణం ఆగాడు, అంతే. "సూడండర్రా! కత్తోడి గడ్డి సెప్పు తెగిపోనాది. ఓడెక్కినాడు, సముద్రం దాటినాడు. ఎండ దేసం వచ్చినాది, అందుకే రంగులొచ్చినాయి. తోలు బూటు కొనుక్కున్నాడు, కత్తి ఒగ్గేసి తుపాకీ అట్టుకున్నాడు!" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. మొహం మారిందేమిటని ఒక్కడు అడగలేదు. టోపీ పెట్టుకుంటే ఎవడి మొహమైనా అంతేనని సరిపెట్టుకుని ఉంటారు.

సుందర్ రాజు ఇది విని కుర్చీలోంచి లేచాడు. ఆ కత్తివాడికి ఆ టోపీ పెట్టి తెలుగులో తీద్దాం, డైరెక్షను నువ్వే చెయ్యి అన్నాడు. ఎమిలీ, పదేళ్ళుగా ఈ ఒక్క మాట కోసం కూర్చున్నాను. అయితే ఆఖర్న ఏమైంది అని అడిగాడు. నాకు తెలియదు. ఆఖరి రీలు మీద నాన్న ఏం చెప్పాడో నాకు వినబడలేదు. నేనూ, సినిమా మిషను ఆడించే అప్పలకొండ మావా కేబిన్లో ఆ మిషను రొదలో ఉన్నాం. నాన్న ఇప్పుడు చెప్పలేడు. కాలనీలో చూసినవాళ్ళకి ఎవరికైనా గుర్తుంటుంది. కనుక్కుని త్వరగా రాయి.

నీ అన్న,
తీతు

న్యూ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్
3 జూలై 1988

అన్నయ్యకి ఎమిలీ వందనాలు.

నాన్నకి మాట రాలేదు. ఇక రాదన్నారు. "ఆ" అనే ఒక్క శబ్దం వస్తుంది, అన్నం కావాలన్నా అదే, చాలన్నా అదే. కుడి చెయ్యి ఒళ్ళో పెడితే ఒళ్ళోనే ఉంటుంది. జపాను రాజు నుంచి ఇటలీ దొంగ దాకా అందరికీ నోరిచ్చిన మనిషి, మంచినీళ్ళ గ్లాసు చూపించడానికి ఎడమ చేత్తో తంటాలు పడుతున్నాడు. స్కూల్లో పాఠం చెప్పి ఇంటికొచ్చి నేను ఊరికే ఆయన ఎదురుగా కూర్చుంటున్నాను.

నీ కథకి ముగింపు ఒకటి అడిగావు, మూడు తెచ్చాను. పక్క క్వార్టరు సుజాతమ్మగారు, ఆ కత్తివాడు బావి దగ్గర నీళ్ళిచ్చిన విధవరాలిని పెళ్ళి చేసుకున్నాడని ఒట్టు పెట్టి చెప్పారు. మా హెడ్మాస్టరు గణపతిరావుగారు, తుపాకీ బావిలో పారేసి సన్యాసి అయ్యాడన్నారు. పాస్టరుగారైతే మారుమనస్సు పొందాడన్నారు. ఎవరి పిచ్చి వారికి ఆనందం. నేనా, ఆఖరి రీలు వేళకి నిద్రపోయాను. నాన్న భుజాన వేసుకుని ఇంటికి తెచ్చాడు.

ఇక మిగిలింది అప్పలకొండ మావ. మలంచాలో మేనల్లుడింట్లో ఉంటున్నాడు. అడుగుదామని వెళ్ళాను. మావకి చూపు దాదాపు పోయింది, నీకు తెలుసో లేదో. గొంతు బట్టి నన్ను గుర్తుపట్టి, పక్కన కూర్చోబెట్టుకుని, ఆ శనివారం మాటెత్తగానే తల దించేశాడు. "అది నా తప్పమ్మా" అన్నాడు. ముగింపు అడిగితే అదే మాట. సినిమా ఎలా ఉందని అడిగితే అదే మాట. "మీ నాయిన ఆ పూట నా పరువు కాపాడినాడు. నేకపోతే జనం రాళ్ళేసీవోరు. నా సెయ్యి తప్పింది, ఆడి నోరు ఆదుకుంది" అన్నాడు.

పదేళ్ళ కిందటి తప్పు మీద ఇంకా ఇంత బెంగ ఏమిటన్నయ్యా? నేను చిన్నదాన్ని, నాకు సరిగ్గా తెలియదు. అసలు ఆ రీళ్ళు ఎలా కలిసిపోయాయి?

ఎమిలీ

కోడంబాకం
21 జూలై 1988

చెల్లీ,

నిన్ను ముగింపు కనుక్కోమన్నాను గాని పాత గొడవలు తవ్వమనలేదు. మావ పెద్దవాడయ్యాడు, ఆయన్ని ఇవన్నీ అడిగి ఏడిపించకు. పదహారు డబ్బాలు ఒకచోట ఉంటే రీళ్ళు కలవడం వింతేమీ కాదు, ఇక్కడ ఇంత పెద్ద స్టూడియోల్లో కూడా కలుస్తాయి.

సుందర్ రాజు తొందరపెడుతున్నాడు. పెళ్ళి ముగింపు బాగుందన్నాడు, పాట పెట్టుకోవచ్చట. నాకే నచ్చలేదు. పేరు చెప్పుకోనివాడు, ఊరికి ఊరినే తగలబెట్టి వచ్చినవాడు పెళ్ళి చేసుకుని పప్పు తింటాడా? సమురాయ్‌కి యజమాని పోయాడు, కౌబాయ్‌కి దేశమే లేదు. ఇద్దరూ ఒకే గాలికి కొట్టుకొచ్చిన మనుషులు. ఇద్దరినీ ఒకే ఒంట్లో పెట్టాక వాడు చివర్న ఎవడో ఒకడి ముందు నిలబడి జవాబు చెప్పుకోవాలి. ఎవడి ముందో నాకు అందడం లేదు. నాన్నకి అంది ఉంటుంది.

నాన్నకి మందులు సరిగ్గా వెయ్యి. ఒక పార్సెల్ పంపాను, దుప్పటి.

తీతు

న్యూ సెటిల్‌మెంట్
14 ఆగస్టు 1988

అన్నయ్యా,

దుప్పటి అందింది. నాన్న కప్పుకుని నీ పేరు విని "ఆ" అన్నాడు. నీ ఉత్తరంలో నా ప్రశ్నకి జవాబు లేదు. అడిగిన దానికి కాక అడగని దానికి గబగబా జవాబు రాసే పిల్లల్ని నేను రోజూ చూస్తాను. వాళ్ళ పలకల వెనక ఏదో ఒకటి ఉంటుంది.

ఇక్కడ ఆదివారాలు ఎలా గడుస్తాయో నీకు తెలియదు. నువ్వెళ్ళిన దగ్గర్నుంచీ నాన్న ప్రతి ఆదివారం చర్చి అవగానే నడిచి మలంచా వెళ్ళేవాడు. మావకి పేపరు చదివేవాడు, ఊళ్ళో ఆడుతున్న సినిమా చూసొచ్చి సీను సీనుగా చెప్పేవాడు. ఒక్క వారం మానలేదు. ఇప్పుడు నాన్న వెళ్ళలేడు గనుక మావే వస్తున్నాడు, మేనల్లుడి సైకిలు వెనక కూర్చుని. ఒకరికి చూపు లేదు, ఒకరికి మాట లేదు. పక్కపక్కన కుర్చీల్లో కూర్చుంటారు. మావ మాట్లాడతాడు, నాన్న ఆయన చేతి మీద వేలితో తడుతుంటాడు.

పోయిన ఆదివారం మావ తనంతట తనే చెప్పాడు. ఆయనకి ఇంగ్లీషు రాదు కదా, డబ్బాల మీద ఏం రాసుందో చదవలేడు. పగలు ఎవరిచేతనో ఒకసారి చదివించుకుని, మూతల మీద మైదా జిగురుతో అగ్గిపుల్లలు అంటించుకునేవాడట. ఒకటో రీలుకి ఒక పుల్ల, రెండో దానికి రెండు. రెండు సినిమాలుంటే ఒకదానికి మందు పైకి, ఒకదానికి మందు కిందికి. చీకటి కేబిన్లో వేలితో తడిమి రీలు తీసేవాడు. "ముప్పై ఏళ్ళు తప్పలేదమ్మా. ఆ దినం రంగులొచ్చీసరికి మూత తడిమినాను. మూడు పుల్లలు, మందు పైకి. కత్తి సినిమా డబ్బాయే. లోపల గుర్రాల రీలు! మద్దేన్నం రీళ్ళన్నీ ఏసి సూసి, తిరిగి డబ్బాల్లో ఎట్టింది నానే. మరి ఎవుడు తప్పినట్టు?" అన్నాడు.

ముందు వరసలో కూర్చున్న రైల్వే ఆఫీసరు ఎవరో ఇంటికి వెళ్తూ నవ్వారట. దానికి సంఘం వాళ్ళు చిన్నబోయి, చదువు రానివాడి చేతిలో మిషను పెడితే ఇలాగే ఉంటుందని తాళంచెవి తీసేసుకున్నారు. అది కూడా పెద్ద బాధ కాదట మావకి. ఆ మరుసటి ఏడాది ఊళ్ళో ఒక సినిమా హాలు వాళ్ళు వచ్చి, ఆపరేటరుగా రమ్మని పిలిచారట. వెళ్ళలేదు. "నా సెయ్యినే నాను నమ్మలేనప్పుడు ఆల్ల మిషను ఎలగ ముట్టుకుంటాను?" అన్నాడు. కళ్ళు మసకలు కమ్మినప్పుడు డాక్టరు దగ్గరికీ వెళ్ళలేదు. ఆ శనివారమే పోయాయి, పోయిన కళ్ళకి వైద్యమేమిటి అనుకున్నాడట.

ఇది చెప్తుండగా నాన్న ఏడవడం మొదలుపెట్టాడు. చొక్కా తడిసేదాకా ఏడ్చాడు. మావ ఆయన వీపు నిమిరి, నీకేటి బావా, నాను కదా ఏడవాలి అన్నాడు.

నీకేమైనా తెలిస్తే రాయి అన్నయ్యా. తెలియకపోతే తెలియదని రాయి. ఊరికే ఉండొద్దు.

ఎమిలీ

కోడంబాకం
9 సెప్టెంబరు 1988

ఎమిలీ,

ఈ ఉత్తరం నాలుగుసార్లు చింపి ఐదోసారి రాస్తున్నాను. రీళ్ళు మార్చింది నేను.

పొరపాటున కాదు, కావాలని. ఆ మధ్యాహ్నం మావ రెండు సినిమాలూ వేసి చూస్తుంటే నేనూ పక్కన కూర్చుని చూశాను. నాకు ఇరవై ఏళ్ళు. రెండూ ఒకే కథ. ఎక్కడో జపానులో ఒకడు, ఎక్కడో ఇసకలో ఒకడు, ఇద్దరూ ఒక బావి కోసం కొట్టుకునే రెండు వర్గాల మధ్యకి వస్తారు. పోట్లాటకి ముందు వాడు వంగి గడ్డి చెప్పు తాడు బిగించుకుంటాడు, వీడు వంగి బూటు పట్టీ బిగించుకుంటాడు. వాడి రెండో రీలు అక్కడ ఆగుతుంది, వీడి మూడో రీలు అక్కడ మొదలవుతుంది. అతికితే ఎలా ఉంటుందో చూడాలని చేతులు దురద పెట్టాయి. మావ భోజనానికి వెళ్ళాడు. డబ్బాలు కదపలేదు, పుల్లలు ముట్టుకోలేదు. మూడో రీలు నుంచి లోపలి రీళ్ళు మార్చేశాను. పట్టుమని పది నిమిషాలు పట్టలేదు.

ఆ సాయంత్రం తెర మీద వాడు వంగడం, రంగుల్లో వీడు లేవడం చూశాను. ఎమిలీ, ఆ తర్వాత ఇక్కడ వందల సినిమాలు అతికించాను, అంత బాగా ఏదీ అతకలేదు. దేవుడు క్షమించాలి, ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఆనందమే వేస్తుంది. కేబిన్ కిటికీలోంచి తల బయటపెట్టి నవ్వుతున్నాను. నాన్న వెనక్కి తిరిగి చూశాడు. ఏ సినిమాలు వస్తున్నాయో తెలిసి, రెండ్రోజుల ముందే అన్నం తింటూ ఆయన్ని అడిగాను, నాన్నా, కత్తివాడికి తుపాకీ ఇస్తే ఏమవుతుంది అని. నా నవ్వు చూశాడు, అర్థమైపోయింది. గొంతు సవరించుకుని గడ్డి చెప్పు తెగిపోయిందన్నాడు. ఆయన కాపాడింది మావ పరువు కాదు. నన్ను.

సోమవారం సంఘం వాళ్ళు పిలిచారు. ముగ్గురం నిలబడ్డాం. చెప్దామనే వెళ్ళాను. అప్పటికి రైల్వే వర్క్‌షాపు అప్రెంటిస్ పరీక్ష రాసి ఉన్నాను, పేరు చెడితే అదీ పోతుంది. నాన్నని ఎలా జరిగిందని అడిగారు. నా వైపు చూడకుండా, నాకు తెలీదండీ అన్నాడు. నన్ను అడగబోతుంటే మావ అడ్డొచ్చాడు. "గుంటడికేటీ తెలీదు బాబూ, డబ్బాల్లో ఎట్టింది నానే" అన్నాడు. నేను నోరు మూసుకున్నాను.

ఆ తర్వాత నాన్నా నేనూ ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఎదురెదురుగా కూర్చుని అన్నం తినడం కష్టమైపోయింది. అప్రెంటిస్ ఆర్డరు వచ్చిన వారానికే మద్రాసు రైలెక్కాను. దేని కోసం ఆయన అబద్ధం ఆడాడో అది కూడా వదిలేసి వచ్చాను. సినిమా పిచ్చితో పారిపోయానని మీరంతా అనుకున్నారు. ఆయన మొహం చూడలేక పారిపోయాను.

మావకి తన చెయ్యి తప్పిందనే నమ్మకం మిగిలిపోయిందని నాకు తెలియదు. ఉద్యోగం కాదు కదా, సరదా పనే కదా, మర్చిపోయి ఉంటాడులే అనుకున్నాను. కళ్ళ సంగతి చదివాక నిద్రపోలేదు. నాన్న అనుమతి తీసుకుని ఈ ఉత్తరం మావకి చదివి వినిపించు. నేను రావాలి, వస్తాను. కానీ ఆయన అంతదాకా ఆగక్కర్లేదు.

తీతు

న్యూ సెటిల్‌మెంట్
20 నవంబరు 1988

అన్నయ్యా,

రెండు నెలలు నీకు రాయలేదు. ఏం రాయాలో తెలియలేదు.

ముందు నాన్నకి చదివాను. కళ్ళు మూసుకుని విన్నాడు. మావకి చెప్పనా అంటే "ఆ" అన్నాడు. అది ఔననో కాదనో నేను మూడుసార్లు అడిగాను. మూడోసారి తల ఊపాడు.

ఆదివారం మావ వచ్చాడు. టీ ఇచ్చి, చదివాను. డబ్బాలు కదపలేదు, పుల్లలు ముట్టుకోలేదు అన్నచోట మావ చెయ్యెత్తి ఆపాడు. "మల్లీ సదువు" అన్నాడు. చదివాను. "అయితే నా లెక్క తప్పలేదు" అన్నాడు. "నేదు మావా" అన్నాను. రెండు చేతులూ ముందుకి చాపి, కనబడుతున్నట్టే వాటివైపు చూసుకున్నాడు. నవ్వాడు అన్నయ్యా. పళ్ళు లేని నోరంతా తెరిచి నవ్వాడు. నీకు శాపనార్థాలు పెడతాడని భయపడ్డాను, పెట్టలేదు. గుంటడు గుంటడి పని సేసినాడు అన్నాడంతే.

తర్వాత నాన్న వైపు తిరిగాడు.

"బావా. నీకు తెలుసా?"

నాన్న పెదాలు కదిలాయి. శబ్దం కూడా రాలేదు.

"పదేళ్ళు ఆదివారం ఆదివారం వచ్చినావు. నా పక్కన కూకున్నావు. నా సెయ్యి పాడైపోనాదని నాను ఏడిస్తే ఇన్నావు. ఒక్క ముక్క, నీది కాదురా తప్పు అని ఒక్క ముక్క. లోకంలో అందరి మాటా సెప్పినావు కదేటి నువ్వు?"

నాన్న తల ఊపాడు, మావకి కనబడదు. ఎడమ చెయ్యి చాపి మావ చేతి మీద పెట్టబోయాడు. మావ చెయ్యి తీసేసుకున్నాడు. లేచి, గోడ పట్టుకుని, గుమ్మం వెతుక్కుని వెళ్ళిపోయాడు. మేనల్లుడు ఇంకా రాలేదు, రోడ్డు దాకా నేను చెయ్యి పట్టుకున్నాను. "ఇంక రానమ్మా" అన్నాడు.

తొమ్మిది ఆదివారాలైంది. రాలేదు. నాన్న మాత్రం ప్రతి ఆదివారం పొద్దున్నే గడ్డం గీయమని సైగ చేస్తాడు, రెండో కుర్చీ వేయమంటాడు, వీధి తలుపు వైపు చూస్తూ కూర్చుంటాడు. నిజం చెప్పించి మంచి చేశానో చెడు చేశానో నాకు తెలియడం లేదు. మావకి చేతులొచ్చాయి, నాన్నకి ఉన్న ఒక్క మనిషీ పోయాడు. నువ్వు రా. నువ్వొస్తే ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టొచ్చు. ఉత్తరాలతో ఇది అతకదు.

ఎమిలీ

కోడంబాకం
18 డిసెంబరు 1988

చెల్లీ,

సుందర్ రాజుకి మోజు తీరింది, ఇప్పుడు దెయ్యం సినిమా తీస్తాడట. నాకు బాధ కలగలేదు. ఆ కథ నాది కాదు.

చివర్న వాడు ఎవడి ముందు నిలబడాలో ఇప్పుడు తెలిసింది. తెలిశాక కాళ్ళు రావడం లేదు. రెండుసార్లు సెంట్రల్ స్టేషనుకి వెళ్ళి వెనక్కి వచ్చాను, నీతో అబద్ధమెందుకు. జనవరి మొదటి వారానికి టిక్కెట్టు కొన్నాను. నాన్నకి చెప్పు, మావ ఇంటికి నేనే రిక్షా కట్టించుకుని తీసుకెళ్తానని చెప్పు.

తీతు

న్యూ సెటిల్‌మెంట్
24 జనవరి 1989

అన్నయ్యా,

మొదటి వారం వరసగా మూడు రోజులు స్టేషనుకి వెళ్ళాను. నువ్వు దిగలేదు. నాన్నకి రైలు ఆలస్యమని చెప్పాను. నాలుగో రోజు నుంచి ఆయనే అడగడం మానేశాడు.

టెలిగ్రాం అందే ఉంటుంది. నాన్న మొన్న ఆదివారం పోయాడు. గడ్డం గీయించుకుని, రెండో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. పదకొండు గంటలకి టీ ఇద్దామని వెళ్తే తల వాలిపోయి ఉంది. మొహం తలుపు వైపే ఉంది. నీ కోసమో, మావ కోసమో నేను చెప్పలేను.

సోమవారం మధ్యాహ్నం అనుకున్న సమాధి కార్యక్రమాన్ని నీ కోసం నాలుగున్నర దాకా ఆపాం. పాస్టరుగారు గడియారం చూసుకుంటుంటే ఇక మొదలుపెట్టమన్నాను. అప్పుడు వచ్చాడు అప్పలకొండ మావ. మేనల్లుడి చెయ్యి వదిలి నా చెయ్యి పట్టుకున్నాడు.

"మూడు ఆదివారాలు మీ గేటు దాకా వచ్చినానమ్మా" అన్నాడు. "సైకిలు దిగీవోణ్ణి, మల్లీ ఎక్కీవోణ్ణి. కోపం తగ్గినాదనుకునీవోణ్ణి, తగ్గీది కాదు. వచ్చే వారం, వచ్చే వారం అనుకున్నాను. ఇలగ ఎల్లిపోతాడని అనుకున్నానేటి?" కాసేపటికి, "మీ నాయిన నాకు ఎన్ని సెప్పినాడో. ఇయాల నువ్వు నాకు సెప్పు. ఏటి జరుగుతోందో అంతా సెప్పు" అన్నాడు.

చెప్పాను అన్నయ్యా. ఆయన చెవి దగ్గర నోరు పెట్టి మొదట్నుంచీ చెప్పాను. పెట్టె మీద తీతు పంపిన దుప్పటి కప్పాం మావా. ఇదుగో నలుగురు తాళ్ళు పట్టుకున్నారు. సుజాతమ్మగారు ఏడుస్తున్నారు. గణపతిరావు మాస్టారు చెప్పులు విడిచి నిలబడ్డారు. నాన్న రేకు గొట్టం పెట్టెలో పక్కనే పెట్టాను. పెట్టె కిందికి దిగుతోంది. ప్రతి దానికీ మావ తల ఊపాడు.

అప్పుడు అడిగాడు, "తీతు వచ్చినాడా?" అని.

కాలనీ అంతా వింటోంది. నేను నాన్న కూతుర్ని. క్షణం ఆగాను, అంతే.

"వచ్చినాడు మావా. ఇప్పుడే రైలు దిగి పరిగెత్తుకుంటూ వచ్చినాడు. బూటు మట్టి కొట్టుకుపోనాది. గొయ్యి పక్కన మోకాళ్ళ మీద కూకున్నాడు. నీ వైపే చూస్తున్నాడు. నీ దగ్గరికి రావడానికి భయపడుతున్నాడు" అన్నాను. ఎవరూ కాదనలేదు. పాస్టరుగారు కూడా ఊరుకున్నారు.

మావ జేబులోంచి అగ్గిపెట్టె తీసి నా చేతిలో పెట్టాడు. "ఆడి సేతికియ్యి. భయపడొద్దని సెప్పు" అన్నాడు. పట్టుకెళ్ళి ఇచ్చినట్టు నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి, ఇచ్చాను మావా అన్నాను. తీసుకున్నాడా అంటే తీసుకున్నాడన్నాను. మావ పిడికెడు మట్టి తీసుకుని, నేను చెయ్యి పట్టి చూపిస్తే, నాన్న మీద వేశాడు.

నాన్న నీ కోసం ఆడిన అబద్ధం బయటపడడానికి పదేళ్ళు పట్టింది. నేనాడిన దానికి అంత వ్యవధి లేదు. మావకి డెబ్భై రెండేళ్ళు, ఆదివారం ఇంటికి వస్తానన్నాడు. తీతుతో రెండు ముక్కలు మాట్లాడాలట. నువ్వు నాన్న కుర్చీలో కూర్చోవాలి.

అగ్గిపెట్టె నాన్న బైబిలు పక్కన పెట్టాను. తెరిచి చూశాను. మైదా జిగురుతో అంటించినవి మూడు పుల్లలు ఉన్నాయి, మందు పైకి, ఆ శనివారం మూడో డబ్బా మూత మీద ఉన్నట్టే. రెండుసార్లు లెక్కపెట్టాను అన్నయ్యా. మూడే ఉన్నాయి.

ఎమిలీ